ఒకే గదిలో ఆడవలసిన ఆట

బిడ్డల ఆటలను గూర్చి పెద్దలు అడిగే ప్రశ్నలు సాధారణంగా రెండే. "అందులో ఏముంది?" అనేది మొదటిది. "అది మంచిదేనా?" అనేది రెండవది. మొదటిదానికి జవాబు తెలిసికొనకుండానే రెండవదానికి తీర్పు చెప్పేసే పెద్దలు మన కుటుంబాలలో తక్కువేమీ కాదు. అమెరికాలోనో, లండనులోనో ఉన్న కొడుకు ఇంటికో కూతురు ఇంటికో వెళ్ళివచ్చిన తాతలు, అమ్మమ్మలు ఒక ఆటను చూచే ఉంటారు. టి.వి. ఎదుట నలుగురు పిల్లలు వరుసగా కూర్చుని, తెరమీద బొమ్మలు ఒకదానినొకటి గాలిలోకి విసరుకొంటుంటే కేకలు వేస్తుంటారు. ఎవరు ఎవరిని కొట్టారో పెద్దల కంటికి అందదు. దాని పేరు సూపర్ స్మాష్ బ్రదర్స్ అల్టిమేట్. జపాను దేశపు నింటెండో కంపెనీ తన స్విచ్ అనే యంత్రం కొరకు 2018 డిసెంబరు 7న దీనిని విడుదల చేసింది. లోకమంతటా 3 కోట్లకు పైగా ప్రతులు అమ్ముడయ్యాయి. అన్ని ఇళ్ళలోకి వెళ్ళిన ఆటను గూర్చి తల్లిదండ్రులకు కాస్త తెలిసి ఉండడం మంచిదని తలంచి, దగ్గర కూర్చుని చూచి, ఈ నాలుగు మాటలు వ్రాస్తున్నాము.

మన పల్లెల్లో కూడ 1990 తరువాతి సంవత్సరాలలో టి.వి.కి తగిలించి క్యాసెట్టు పెట్టి ఆడుకున్న ఆటలు కొందరికి జ్ఞాపకముండవచ్చు. అందులో మీసాలతో, ఎర్ర టోపీతో గెంతుతూ పోయిన మారియో ఈ ఆటలోనూ ఉన్నాడు. అయితే ఒంటరిగా లేడు. వేర్వేరు ఆటలలోని, వేర్వేరు కంపెనీలకు చెందిన వీరులందరినీ ఒక్క బరిలో దించడమే దీని ప్రత్యేకత. నాలుగు ఊళ్ళ జట్లు ఒకే తిరునాళ్ళలో కలిసినట్లన్నమాట. పికాచు, డాంకీ కాంగ్, సోనిక్, ప్యాక్-మ్యాన్ అందరూ ఇక్కడే దొరుకుతారు. మొదట 74 మందితో వచ్చింది. 2021 అక్టోబరులో చివరిగా సోరా అనే కుర్రవాడు చేరేసరికి 89 మంది అయ్యారు. వీరిలో పల్లెటూరి అబ్బాయి ఒకడున్నాడు. వాడు పోట్లాట మధ్యలో మొక్క నాటి, నీరు పోసి, అది చెట్టయ్యాక గొడ్డలితో నరికి ఎదుటివాడి మీద పడవేస్తాడు! మా ప్రక్కన కూర్చున్న పెద్దాయన ఒకరు మిగతా వీరులను వదలి వీడినే చూస్తూ ఉండిపోయారు.

పోట్లాట ఆట అనగానే తల్లులకు భయం కలుగుతుంది. ఆ భయం ఊరికే పుట్టలేదు. 1992లో వచ్చిన మోర్టల్ కొంబాట్ అనే ఆటలో రక్తం, తలలు తెంచడం చూచి తల్లిదండ్రులు గగ్గోలు పెట్టగా, 1993 డిసెంబరులో అమెరికా సెనేటులో విచారణ జరిగింది. మరుసటి ఏడు ఆటలకు వయస్సు ముద్ర వేసే సంస్థ ఏర్పడింది. ఇప్పుడు మేము చెబుతున్న ఆటకు అమెరికాలో 10 ఏండ్లు పైబడినవారికని, ఐరోపాలో 12 ఏండ్లు పైబడినవారికని ముద్ర ఉన్నది. ఇందులో రక్తం లేదు, శవాలు లేవు. చెడుగుడులో గీత దాటినవాడు ఔట్ అయినట్లు, ఇందులో బరి బయటకు ఎగిరిపోయినవాడు ఔట్. దెబ్బ తిన్నకొద్దీ ఆటగాని పేరు క్రింద ఒక శాతం అంకె పెరుగుతుంది. సున్నా దగ్గర ఉన్నవాడు దెబ్బకు కాస్త తూలుతాడు. నూరు దాటినవాడు అదే దెబ్బకు ఆకాశానికి ఎగిరిపోతాడు. ఎగిరిన తరువాత కూడ గాలిలో గెంతి తిరిగి బరి అంచు పట్టుకొనే అవకాశం ఉంటుంది. పిల్లల కేకలన్నీ ఆ అంచు దగ్గరే!

ఇలాంటి పద్ధతి ఎందుకు పెట్టారో తెలిస్తే ఆటలోని మంచి తేటగా అర్థమవుతుంది. దీనిని తయారు చేసినది మసాహిరో సకురాయ్ అనే జపాను దేశస్థుడు. యువకుడిగా ఉన్న దినాలలో ఆయన డబ్బులు వేసి ఆడే ఆటల దుకాణంలో 'కింగ్ ఆఫ్ ఫైటర్స్ 95' అనే పోట్లాట ఆట ఆడుతున్నాడు. తనకు బాగా అలవాటైన దెబ్బల వరుసలతో ఎదుటివారిని చిత్తుగా ఓడించాడు. తీరా చూస్తే అవతల ఉన్నది ఆట ఇంకా సరిగా రాని ఒక యువ జంట. సరదాకు వచ్చినవారికి సరదా లేకుండా చేశానే అని ఆయన మనస్సు నొచ్చుకొన్నది. ఈ సంగతి ఆయనే తరువాత చెప్పుకొన్నాడు. అప్పటి పోట్లాట ఆటలలో పెద్ద దెబ్బ కొట్టాలంటే మీటలను ఒక పొడుగాటి వరుసలో కంఠస్థం చేయాలి. సాధన చేసినవాడి ముందు కొత్తవాడు నిలువలేడు. దానికి విరుగుడుగా ఆయన ఒక నమూనా తయారు చేశాడు. దానికి ప్రోగ్రాము వ్రాసి సహాయపడినది అప్పట్లో హెచ్.ఎ.ఎల్. లాబొరేటరీ అనే కంపెనీకి అధ్యక్షుడుగా ఉన్న సటోరు ఇవాటా. అదే 1999 జనవరిలో 12 మంది వీరులతో మొదటి స్మాష్ బ్రదర్స్‌గా వెలువడింది. ఇవాటా తరువాత నింటెండోకే అధ్యక్షుడై 2015లో మరణించారు. ఆయన తనకు అప్పగించిన ఆఖరి పని ఈ స్విచ్ ఆటేనని సకురాయ్ చెప్పారు.

కనుక ఈ ఆటకున్న మొదటి బలం ఏమంటే, ఓడిపోయేవాడిని దృష్టిలో పెట్టుకొని దీనిని చేశారు. కొట్టడానికి ఒక మీట, ప్రత్యేకమైన విద్యకు ఇంకొకటి. పుల్లను ఎటు త్రిప్పితే అటు దెబ్బ. పది నిమిషాలలో ఎవరికైనా పట్టుబడుతుంది. బాగా ఆడేవాడికి ముందే కొంత శాతం దెబ్బ తగిలించి మొదలుపెట్టే ఏర్పాటు ఉన్నది. మన పిల్లలు గోళీలాటలో చిన్నవాడికి రెండడుగులు దగ్గరగా చోటిచ్చినట్లే ఇది. ఒకే యంత్రం మీద ఎనిమిది మంది వరకు ఆడవచ్చు. పన్నెండేళ్ళ అన్న, ఏడేళ్ళ చెల్లి, ఎప్పుడూ ఆడని మేనమామ ఒక్క పందెంలో కూర్చోగలిగే పోట్లాట ఆటలు చాల తక్కువ. మామయ్య ఎగిరిపోయినా ఇంటిల్లిపాదీ నవ్వుతారు, ఆయనతో సహా.

ఇక లోపాలు. మొదట చిన్నవి చెప్పి పెద్దదానికి వస్తాము.

వీరులు మరీ ఎక్కువయ్యారు. అందులో కత్తి పట్టినవారే ఎందరో, ఎవరు ఎవరో పోల్చుకోవడమే కష్టం. మొదలుపెట్టినప్పుడు ఎనిమిది మందినే ఇస్తారు. తక్కినవారు ఆడగా ఆడగా ఒక్కొక్కరే వస్తారు. పాత ఆటలలో ప్రతి పాత్రకు చిన్న విగ్రహం, దాని చరిత్ర చెప్పే నాలుగు వాక్యాలు ఉండేవి. పిల్లలు చదువుకొనేవారు. ఇందులో వాటికి బదులు వెయ్యికి పైగా బొమ్మలు పెట్టి ఆ వాక్యాలు తీసివేశారు. ఎందుకు తీసివేశారో గాని, చదివే బిడ్డలున్న ఇంటికి అది నష్టమే.

కొందరు స్త్రీ పాత్రల దుస్తులు మాకు నచ్చలేదు. బయొనెట్టా అనే మంత్రగత్తె పాత్ర అందుకు ఉదాహరణ. తయారుచేసినవారికీ ఈ సంగతి తెలుసు. 2021లో చేర్చిన మిథ్రా అనే పాత్ర సొంత ఆటలో ఉన్నట్లు కాక, ఇక్కడ కాళ్ళకు మేజోళ్ళతో కనబడుతుంది.

ఒంటరిగా ఆడేవారికొరకు 'వెలుగు లోకం' అనే కథాభాగం ఉన్నది. ఇరవై గంటలకు పైగా పట్టవచ్చు. ఒకే రకమైన పోరాటం మళ్ళీ మళ్ళీ రావడంవలన సగంలోనే విసుగు పుడుతుంది. కథను గూర్చి మన ఇళ్ళలో ఒక మాట అనుకోవలసి ఉన్నది. గలీమ్ అనే వెలుగు రూపి వీరులందరినీ నాశనం చేయగా కర్బీ అనే గులాబి రంగు బొమ్మ ఒక్కటే తప్పించుకొంటుంది. తరువాత ధార్కన్ అనే చీకటి రూపి వస్తుంది. వెలుగును మాత్రమే ఓడిస్తే లోకం చీకటి పాలవుతుంది. చీకటిని మాత్రమే ఓడిస్తే వెలుగే సర్వాన్ని మింగుతుంది. రెంటినీ కలిపి ఓడిస్తేనే మంచి ముగింపు. వెలుగును గూర్చి ఇంట్లో, సంఘంలో వేరుగా విన్న బిడ్డకు ఇది వింతగా తోచవచ్చు. దానికి ఆట మాన్పించనక్కరలేదని మా తలంపు. ప్రక్కన కూర్చుని "ఇది ఎవరు కల్పించిన కథ? మనం నమ్మేది ఏమిటి?" అని అడిగితే మంచి సంభాషణ జరుగుతుంది.

ఖర్చు కూడ ఉన్నది. విడుదలైనప్పుడు అమెరికాలో ఆట వెల 60 డాలర్లు. తరువాత చేర్చిన వీరులను రెండు విడతలుగా అమ్మారు, మొదటిది 25 డాలర్లు, రెండవది 30. ఇంటర్నెట్టులో ఆడాలంటే ఏటా చందా వేరు. ఇవన్నీ కలిపితే ఆట వెలకు రెండింతలు దాటుతుంది.

పెద్ద లోపం ఆ ఇంటర్నెట్టు దగ్గరే మొదలవుతుంది. దూరాన ఉన్నవారితో ఆడినప్పుడు ఆటగాళ్ళ యంత్రాలు నేరుగా ఒకదానితో ఒకటి మాట్లాడుకొంటాయి. అందులో ఒక్కరి లైను మందగించినా అందరి ఆటా మందగిస్తుంది. మీట నొక్కితే బొమ్మ ఆలస్యంగా కదులుతుంది. తీగతో కలుపుకొనుడని కంపెనీ సలహా ఇచ్చింది గాని, మొదటి స్విచ్ యంత్రానికి ఆ తీగ పెట్టే రంధ్రమే లేదు. దానికి వేరే పరికరం కొనాలి. ఒక్క ఓటమి చూచి మనస్సు నొచ్చుకొన్నవాడు చేసిన ఆటలో, ముఖం తెలియనివాడి చేతిలో పదిసార్లు ఓడి, కంట్రోలర్ నేలకు కొట్టే బిడ్డను చూస్తే ఎవరికైనా బాధ కలుగుతుంది. ఒకే గదిలో ఉన్నప్పుడు అన్నకు తమ్ముడి ముఖం కనబడుతుంది. ఇక్కడ కనబడదు.

ఆటకు వెలుపల జరిగిన ఒక సంగతిని తల్లిదండ్రులు తప్పక తెలిసికొనాలి. ఈ ఆటకు పోటీలు, వాటి చుట్టూ పెద్ద ఆటగాళ్ళ బృందాలు ఉన్నాయి. మైనరు పిల్లలు, పెద్దలు ఒకే హాలులో, ఒకే మాటల గుంపులలో కలిసి తిరుగుతారు. 2020 జూలైలో ఆ బృందాలలో పేరుపొందిన అనేకులపై లైంగిక దుష్ప్రవర్తన ఆరోపణలు ఒక్కసారిగా బయటపడ్డాయి. కొన్ని మైనరు పిల్లల విషయమైనవి. నింటెండో కంపెనీ వాటిని ఖండిస్తూ ప్రకటన చేసింది. ఆటలోని బొమ్మలు చేసిన హాని కాదిది. బిడ్డ ఎవరితో ఆడుచున్నాడో ఇంట్లో ఎవరూ అడగనందున దుష్టులకు దొరికిన అవకాశం. దుస్తులను గూర్చి, కథను గూర్చి మేము చెప్పినవన్నీ దీని ముందు స్వల్పమే.

అందుచేత విదేశాలలో ఉన్న మన బిడ్డలకు మేము చెప్పేది, ఈ ఆట కొనుక్కోవచ్చు. ఇంటర్నెట్టు చందా కట్టనక్కరలేదు. స్విచ్ యంత్రానికి ఫోనులో ఉచితంగా వచ్చే తల్లిదండ్రుల యాప్ ఒకటి ఉన్నది. దినానికి ఎంతసేపు ఆడాలో, ఇతరులతో మాటలు కలపవచ్చునో లేదో అందులో నిర్ణయించవచ్చు. 2025 జూన్‌లో వచ్చిన స్విచ్ 2లో కూడ ఈ ఆట నడుస్తుంది గనుక దీనికొరకు పాత యంత్రాన్ని వెదకవలసిన పని లేదు. యంత్రాన్ని మాత్రం పిల్లల పడకగదిలో కాక నలుగురూ కూర్చునే గదిలో పెట్టండి.

సెలవులకు వచ్చిన మనవడు కంట్రోలర్ చేతికిస్తే తాతగారు వద్దనకండి. కర్బీని ఇమ్మని అడగండి. ఆ బొమ్మ గాలిలో ఐదుసార్లు గెంతగలదు. కళ్ళద్దాలు సర్దుకొనేలోగా పడిపోదు.