కొన్న పిండితో కజ్జికాయలు

పోయిన దీపావళికి మా ఇంట్లో కజ్జికాయలు చేయలేదు. జేజికి చేతులు వణుకుతున్నాయి, పిండి పిసకలేదు. నాన్న అంగట్లో తెచ్చాడు. జేజి ముట్టుకోలేదు. ఈసారి పులివెందుల హాస్టల్ నుంచి జమ్మలమడుగు బస్సెక్కేటప్పుడే అనుకున్నా, నేనే చేస్తానని. కానీ మైదా, రవ్వ, నెయ్యి కలిపి నానబెట్టి, సన్నగా పూరీలు ఒత్తే నేర్పు నాకు లేదు. అందుకే పిండి కొన్నా.

మొదట హాఫ్ కుక్డ్ చపాతీలు తెచ్చా. మడిచి అంచులు ఎంత ఒత్తినా నూనెలో వేయగానే నోరు తెరిచాయి. కారణం తర్వాత అర్థమైంది. ఆ చపాతీ ఒకసారి వేడి చూసింది. పైన పిండి ఉడికిపోయింది కాబట్టి పచ్చి పిండిలా తనకు తాను అతుక్కోదు. లోపలి బెల్లం నూనెలోకి కారి మాడింది. ఆ నూనె మొత్తం పారబోయాల్సి వచ్చింది. అమ్మ ఏమీ అనలేదు గానీ చూసిన చూపు చాలు.

రెండోసారి ప్రొద్దుటూరులో ఒక బేకరీలో అడిగి పచ్చి పఫ్ షీట్లు కొన్నా. వాటిలో పిండి పొర, కొవ్వు పొర ఒకదాని మీద ఒకటి ఉంటాయి. ఓవెన్ వేడికి పిండిలోని నీరు ఆవిరై పొరల్ని పైకి లేపుతుంది. అందుకే షీటు చల్లగా ఉండాలి. మన ఎండకు జమ్మలమడుగు చేరేసరికి కొవ్వు కరిగి ముద్దయింది. ఓవెన్, ఫ్రిజ్ ఉన్నవాళ్లకు అది బాగుంటుంది, నాకు కుదరలేదు.

చివరికి పని చేసింది సమోసా పట్టీలు. ఇవి కూడా కొంచెం కాల్చినవే, ఊరికే అతుక్కోవు. రెండు స్పూన్ల మైదాలో నీళ్లు పోసి చిక్కటి జిగురులా కలుపుకోండి. పట్టీలను తడి బట్ట కింద ఉంచి ఒక్కొక్కటే బయటికి తీయండి, ఆరితే విరుగుతాయి. పూర్ణానికి కప్పు పుట్నాల పొడి, ముప్పావు కప్పు బెల్లం తురుము, అర కప్పు ఎండుకొబ్బరి, వేయించిన నువ్వులు రెండు స్పూన్లు, నాలుగు ఏలకులు. పచ్చికొబ్బరి వద్దు. బెల్లం తడిగా ఉంటే కాసేపు ఆరబెట్టండి. తడి పూర్ణమైతే పట్టీ మెత్తబడి చిరుగుతుంది.

పట్టీని త్రికోణంగా మడిచి, స్పూనున్నర పూర్ణం పెట్టి, చివర జిగురు రాసి మూయండి. మూలల్లో సూది బెజ్జమంత సందున్నా మళ్లీ రాయండి. అసలు పని అంతా ఇక్కడే. సన్న మంట మీద, చిన్న ముక్క వేస్తే నిదానంగా పైకి తేలేంత వేడిలో వేయించండి. మంట ఎక్కువైతే పైన ఎర్రబడుతుంది, చల్లారాక మెత్తబడుతుంది.

ఒక నష్టం ముందే చెప్తా. జేజి చేసినవి డబ్బాలో రెండు వారాలు కరకరలాడేవి. ఇవి మూడో రోజుకే సాగుతాయి. హాస్టల్‌కు తేవాలనుకుంటే బయల్దేరే రోజు వేయించుకోండి.

మా పక్క కర్జికాయలని కూడా అంటారు, కర్ణాటకలోనూ అదే పేరు. మహారాష్ట్ర కరంజి, ఉత్తరాది హోలీ గుజియా దీని చుట్టాలే. అవన్నీ అర్ధచంద్రాకారం, నావి మాత్రం మూడు మూలలు.

జేజి ఒకటి చేతిలోకి తీసుకుని అటూ ఇటూ తిప్పి చూసింది. "ఇది కర్జికాయనా, సమోసానా రా?" అనింది. తినింది. కాసేపటికి ఇంకోటి అడిగింది.

"లోపలిది మనదే. పైది ఎవురిదో గానీ" అని, వచ్చే పండక్కి పిండి తానే దగ్గర కూర్చుని నాతో పిసికిస్తానంది.