పాపాయి పాలు వద్దంటే

రొమ్ము పట్టని శిశువు ఊరికే మారాం చేయదు. కానీ కారణం వెతికేలోపే పాలడబ్బా మూత తెరుచుకుంటోంది

సిజేరియన్ జరిగిన మర్నాడు. తల్లి ఇంకా పక్కకు ఒత్తిగిలే స్థితిలో లేదు. రొమ్ము దగ్గరకు చేర్చగానే బిడ్డ విల్లులా వెనక్కి విరుచుకుని గుక్కపెట్టి ఏడుస్తుంది. మంచం చుట్టూ ఉన్నవాళ్లు రెండు నిమిషాల్లో తీర్పు చెప్పేస్తారు: "పాలు పడలేదు." కాసేపటికి కింది మందుల షాపు నుంచి పాలపొడి డబ్బా, దాంతోపాటు సీసా పైకి వస్తాయి. నాలుగు గుక్కలు తాగి బిడ్డ నిద్రపోతుంది. తీర్పు నిజమేనని తల్లి కూడా నమ్మేస్తుంది.

తెలంగాణ ఆస్పత్రుల్లో ఇది కొత్త దృశ్యమేమీ కాదు. 2019-21 నాటి ఐదో జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం రాష్ట్రంలో 60.7 శాతం కాన్పులు సిజేరియన్లే. ప్రైవేటు ఆస్పత్రుల్లోనైతే 81.5 శాతం. దేశ సగటు 21.5 శాతమే. పుట్టిన గంటలోపు తల్లిపాలు అందిన పిల్లలు రాష్ట్రంలో 37.1 శాతం. మత్తు, కుట్ల నొప్పి, తల్లీబిడ్డల్ని వేర్వేరు గదుల్లో ఉంచడం, అన్నీ కలిసి ఆ మొదటి గంటను మింగేస్తున్నాయి.

నిజానికి తొలి రోజు శిశువుకు ఒక్కో విడతకు కావాల్సింది చెంచాడు ముర్రుపాలే. పాలు నిండుగా పడేది రెండో రోజు నుంచి నాలుగో రోజులోపు. సిజేరియన్ అయితే ఇంకాస్త ఆలస్యం కావచ్చు. తొలి వారంలో బిడ్డ బరువు కొద్దిగా తగ్గడమూ మామూలే. ఈ సంగతి తెలియని ఇంట్లో రెండో రోజు ఏడుపు ఆకలి కేకలా వినిపిస్తుంది. సీసా నుంచి పాలు వాటంతటవే జారతాయి. రొమ్ము దగ్గర మాత్రం దవడలు కష్టపడాలి. సులువు మరిగిన బిడ్డ కష్టాన్ని కాదంటుంది. అటు రొమ్ములో పాలు ఊరేది బిడ్డ చీకే కొద్దీ. సీసా పట్టిన ప్రతిసారీ ఆ మేరకు ఉత్పత్తి పడిపోతుంది. అలా మర్నాడు తొందరపడి అన్నమాట వారం తిరిగేసరికి నిజమై కూర్చుంటుంది.

బిడ్డ వద్దనడానికి కారణాలు సాధారణంగా చిన్నవే. జలుబుతో ముక్కు మూసుకుపోతే పాలు తాగుతూ ఊపిరి తీసుకోలేదు. నోట్లో తెల్లపూత వస్తే చీకుతుంటే మంట. చెవిపోటు ఉంటే ఒక పక్కన పడుకోబెడితే తాగి, రెండో పక్కకు మార్చగానే ఏడుస్తుంది. రొమ్ము గట్టిపడి నిండుగా ఉంటే చనుమొన నోటికి అందదు. ముందు కాస్త పిండి మెత్తబరిస్తే సరిపోతుంది. మూడు నాలుగు నెలల పిల్లలైతే తల్లి సబ్బు మార్చినా, చిగుళ్లు సలిపి కొరికినప్పుడు ఆమె గట్టిగా అరిచినా రెండు మూడు రోజులు మొండికేయవచ్చు.

తల పట్టుకుని రొమ్ముకు అదమడం అన్నిటికన్నా చెడ్డ ఉపాయం. బట్టలు అడ్డం లేకుండా బిడ్డను గుండెల మీద పడుకోబెట్టుకోవడం, సగం నిద్రలో ఉన్నప్పుడు అందించడం మేలు. ఈలోగా రెండు మూడు గంటలకోసారి పాలు పిండాలి, ఊరడం ఆగకుండా. వాటిని సీసాలో కాకుండా ఉగ్గుగిన్నెతో పట్టాలి. అమ్మమ్మలు దానితో ఆముదం, తేనె పోసేవారు. వాటిని డాక్టర్లు ఇప్పుడు వద్దంటున్నారు గానీ గిన్నె మాత్రం భేషైనదే. రోజుకు ఆరేడుసార్లు మూత్రం పోస్తూ, బరువు పెరుగుతుంటే తల్లి కంగారుపడక్కర్లేదు.

ఒక్క సందర్భంలో మాత్రం ఇంటి వైద్యం పనికిరాదు. నెలలోపు బిడ్డ అప్పటిదాకా బాగా తాగుతూ హఠాత్తుగా మానేసి, మందకొడిగా పడి ఉన్నా, ఒళ్లు కాలినా, చల్లబడినా, డొక్కలెగరేసినా అది మారాం కాదు. రక్తంలో ఇన్ఫెక్షన్ కావచ్చు. మర్నాటి దాకా ఆగకుండా గంటల్లో ఆస్పత్రికి చేర్చాలి.

డబ్బాపాలు నేరమేమీ కాదు. కొందరు శిశువులకు డాక్టరే రాయాల్సి వస్తుంది. నేరం వేరే ఉంది. 1992లో వచ్చి, 2003లో మరింత కఠినమైన చట్టం ప్రకారం రెండేళ్లలోపు పిల్లల పాలపొడికి, ఆహారానికి ప్రకటనలివ్వడం, ఉచిత నమూనాలు పంచడం నిషిద్ధం. వైద్య సిబ్బందికి కానుకలూ కుదరవు. ఉల్లంఘిస్తే మూడేళ్ల దాకా జైలు శిక్ష పడొచ్చు. తల్లిపాలే శ్రేష్ఠమన్న మాట డబ్బా మీద అచ్చువేయక తప్పదు. అయితే రాత్రి రెండు గంటలకు ఏడుస్తున్న బిడ్డతో కూర్చున్న తల్లికి చట్టం ఆసరా కాదు. పక్కన కూర్చుని బిడ్డను పట్టించే నర్సు కావాలి. ప్రసవ వార్డుల్లో కొరత సరిగ్గా అక్కడే. ఆస్పత్రి కాన్పు తర్వాత ఆశా కార్యకర్త ఆరుసార్లు ఇంటికి రావాలన్నది ప్రభుత్వ నియమం. మూడో రోజు, ఏడో రోజు, ఆ తర్వాత వారానికోసారి నాలుగో వారం దాకా, చివరికి 42వ రోజు. సీసాకు అలవాటుపడ్డ బిడ్డను కూడా ఆ రోజుల్లో ఓపికగా మళ్లీ రొమ్ముకు తీసుకురావచ్చు. తల్లి చేయాల్సిందల్లా ఆమె వచ్చినప్పుడు, "బాగానే ఉంది" అని పంపించేయకుండా, ఎదురుగానే బిడ్డకు పాలిచ్చి చూపించడం.