పిల్లల ముఖాలు సరే... పేపర్‌కు గుర్తింపేది?

2023 ఏప్రిల్ 4. పదో తరగతి హిందీ పరీక్ష నడుస్తోంది. హనుమకొండ జిల్లా కమలాపూర్ కేంద్రంలో కిటికీ దాకా చేరిన ఓ కుర్రాడు, లోపల రాస్తున్న విద్యార్థి ప్రశ్నపత్రాన్ని ఫోన్‌లో ఫొటో తీశాడు. కాసేపటికే అది వాట్సాప్ గ్రూపుల్లో తిరిగింది. ఆ ముందు రోజే ఆదిలాబాద్ జిల్లా ఉట్నూర్‌లో మరో ఘోరం. పిల్లలు రాసిన తెలుగు జవాబుపత్రాల కట్ట ఒకటి, ఆటోలో బస్టాండుకు తరలిస్తుండగా దారిలో మాయమైంది.

కమలాపూర్‌లో ఆ బల్ల ముందు కూర్చున్నది అసలు విద్యార్థే. హాల్‌టికెట్ అతనిదే, దాని మీది ఫొటో అతనిదే. అయినా డిబార్ అయింది అతనే. హైకోర్టు దాకా వెళ్తే తప్ప మిగతా పరీక్షలు రాయడానికి వీలు దొరకలేదు. ఎలక్ట్రానిక్ గుర్తింపు కార్డులు తెస్తే పరీక్షల్లో మోసం ఆగిపోతుందని ఎవరైనా అన్నప్పుడు ముందుగా గుర్తు చేయాల్సింది ఈ రెండు ఊళ్లనే.

గుర్తింపు తనిఖీ అక్కర్లేదని కాదు. ఒకరి బదులు ఇంకొకరు రాసే మోసాన్ని పట్టేది అదే. పెద్దల పరీక్షల్లో దాని విలువ ఎంతో తెలంగాణ చూసింది. 2023 జూన్ 11న జరిగిన గ్రూప్-1 ప్రిలిమ్స్‌లో బయోమెట్రిక్ హాజరు తీసుకోలేదు. సెప్టెంబర్‌లో హైకోర్టు ఆ పరీక్షను రద్దు చేయడానికి అదొక ముఖ్య కారణం. లక్షల మంది చదువు మళ్లీ మొదటికొచ్చింది.

సాంకేతికతకూ కొదవ లేదు. డిగ్రీ ప్రవేశాల కోసం దోస్త్ 2020లోనే సెల్ఫీతో విద్యార్థిని గుర్తించే పద్ధతి తెచ్చింది. సర్కారు బడుల్లో ముఖం చూసి హాజరు వేసే యాప్ వచ్చింది. పన్నెండు అంకెల అపార్ సంఖ్య కేంద్రం ఇస్తున్నదే. తల్లిదండ్రులు ఒప్పుకుంటే ఆధార్‌తో ముడిపడి, పిల్లాడి మార్కుల వివరాలు డిజీలాకర్‌లో చేరతాయి. ఇవన్నీ ఒక్కచోట కలిస్తే పరీక్ష కేంద్రం గేటు దగ్గరే అసలెవరో నకిలీ ఎవరో తేలిపోతుంది.

అయితే ఆ గేటు ఒక్కోసారి ఏజెన్సీ మండలాలైన తిర్యాణిలోనో నార్నూర్‌లోనో ఉంటుంది. ఆధార్‌లో ‘ఆత్రం’ అని ఇంటిపేరు పూర్తిగా ఉండి, బడి రికార్డులో ఒక్క పొడి అక్షరమే ఉంటే యంత్రానికి వాళ్లు ఇద్దరు మనుషులు. అయిదేళ్లప్పుడు తీసిన ఆధార్ ఫొటోకూ పదిహేనేళ్ల ముఖానికీ పోలిక కుదరకపోవచ్చు. ఏజెన్సీలో సిగ్నల్ ఎప్పుడు పోతుందో తెలియదు. ఆశ్రమ పాఠశాల నుంచి, ఇంట్లో తొలిసారి పదో తరగతి రాయడానికి వచ్చిన గోండు పిల్లను తెరమీది ఎర్ర గీత ఆపేస్తే, అది మోసాన్ని అడ్డుకోవడం కాదు, అన్యాయం.

ఇంతకీ పదో తరగతిలో దొంగతనం ఎక్కడ జరుగుతోంది? చాలాసార్లు పేపర్ దగ్గర, దాన్ని కాపాడాల్సిన పెద్దల చేతుల్లో. కమలాపూర్‌కు ఒక రోజు ముందు వికారాబాద్ జిల్లా తాండూరులో తెలుగు పేపర్‌ను వాట్సాప్‌లోకి పంపింది సాక్షాత్తూ ఉపాధ్యాయుడు! మాల్‌ప్రాక్టీస్‌కు మూడు నుంచి ఏడేళ్ల జైలు అని 1997 చట్టం ఎప్పుడో చెప్పింది. అడ్డుకోలేకపోయింది.

అందుకే 2025లో వేసిన అడుగు సరైనది. పదో తరగతి ప్రశ్నపత్రాల మీద క్యూఆర్ కోడ్, వరుస సంఖ్య ముద్రించారు. ఆ ఏడాది మార్చి 21న నకిరేకల్‌లో తెలుగు పేపర్ బయటికొచ్చినప్పుడు అది ఏ కేంద్రానిదో తేల్చడానికి ఆ గుర్తులు పనికొచ్చాయి. విచారమేమంటే, అక్కడా డిబార్ అయింది విద్యార్థినే.

ఎలక్ట్రానిక్ కార్డు రావాలి. రాకముందు ప్రతి కేంద్రంలో కిటికీలకు జాలీ, జవాబుపత్రాల కట్టకు బార్‌కోడ్, దాన్ని మోసే బండికి పోలీసు తోడు ఉండాలి. పేర్లలో, ఫొటోల్లో తేడాలుంటే నామినల్ రోల్స్ పంపే నాటికే ప్రధానోపాధ్యాయుడు సరిచేయించాలి. పరీక్ష రోజు యంత్రం ఒప్పుకోకపోతే, చీఫ్ సూపరింటెండెంట్ సంతకం తీసుకొని ముందు పిల్లను బల్ల దగ్గర కూర్చోబెట్టాలి. విచారణ మధ్యాహ్నం పరీక్ష ముగిశాక చేసుకోవచ్చు.