తరునిర్యాసములు – శోథోపశమనము

కాండమునకు గాయమైనప్పుడు, కీటకమో శిలీంధ్రమో బెరడును తొలిచినప్పుడు, ఆ రంధ్రమును మూసి శత్రువును లోనికి రానీయకుండుటకై చెట్టు స్రవించు చిక్కని ద్రవమే ఎండకు గట్టిపడి బంక యగుచున్నది. వృక్షము ఆత్మరక్షణార్థము సృజించుకొన్న ఈ పదార్థము మానవశరీరమునందలి రక్షణవ్యవస్థను గూడ శాంతింపజేయగలదని ఇటీవలి పరిశోధనలు సూచించుచున్నవి. కాని అది జరుగు మార్గము సామాన్యముగా మన మూహించునట్టిది కాదు.

సూడాన్ దేశపు కొర్దొఫాన్ ప్రాంతమున హషాబ్ అను తుమ్మజాతి చెట్టు నుండి లభించు అరబ్బీ బంకనే చూతము. గెలాక్టోజు అణువులు గొలుసుగా కూడగా, అరబినోజు, రామ్నోజు, గ్లూకురోనిక్ ఆమ్లము దానికి శాఖోపశాఖలై అల్లుకొనిన బహుశర్కర యిది. ఇంతటి జటిలనిర్మాణమును ఛేదింపగల ఎంజైము మన జీర్ణరసములలో లేదు. కావున తిన్న బంక చిన్నప్రేగును దాటి పెద్దప్రేగునకు చేరును. అచ్చట నివసించు బిఫిడోబాక్టీరియము మొదలగు సూక్ష్మజీవులు దానిని పులియబెట్టగా, ఎసిటిక్, ప్రొపియోనిక్, బ్యుటిరిక్ ఆమ్లములు పుట్టును.

వీనిలో బ్యుటిరిక్ ఆమ్లము మిక్కిలి విశేషమైనది. పెద్దప్రేగు లోపలిపొర కణములకు ప్రధానేంధనము అదియే. ఆ పొర దృఢముగా నున్నంతకాలము సూక్ష్మజీవుల శిథిలాంశములు రక్తమున జొరబడి శోథను రేపజాలవు. అంతియగాక, జన్యుతంతువు చుట్టుకొనియుండు హిస్టోనుల నుండి ఎసిటైల్ సమూహములను తొలగించు ఎంజైమును అది నిరోధించును. తత్ఫలితముగా రక్షణవ్యవస్థ యొక్క ఉద్రేకము నణచు నియంత్రక టి-కణములు వృద్ధి చెందునని 2013లో చిట్టెలుకలపై జరిగిన ప్రయోగములు చూపినవి. కనుక బంక రోగనిరోధకశక్తిని పెంచునని ప్రచారము చేయుట సరికాదు. మితిమీరిన దానిని మట్టుపరచుటయే దాని పని.

సూడాన్ వైద్యులు కీళ్లవాతరోగులకు దినమునకు 30 గ్రాముల చొప్పున 12 వారములు ఈ బంక నీయగా, శోథను సూచించు టి.ఎన్.ఎఫ్-ఆల్ఫా రక్తమున తగ్గినది. ఐతే బంక తీసికొనని రోగులతో పోల్చి చూడలేదు గావున దీనిని ఆశాజనకమైన తొలి సాక్ష్యముగా మాత్రమే గ్రహింపవలెను.

మన నల్లమలలో చెంచులు వేసవియెండలో కొండరాళ్ల నడుమ తిరిగి కష్టించి సేకరించి, 1956లో నెలకొల్పబడిన గిరిజన సహకార సంస్థకు విక్రయించు తపసి బంకకు ఈ గుణమును ఆపాదింపరాదు. ఎసిటైల్ సమూహములు కూడియుండుటచే నిలువయున్నకొలది వినిగరు వాసనవేయు ఆ బంక, నీటిని పీల్చి విపరీతముగా ఉబ్బి విరేచనకారిగా ఉపయోగపడునే గాని, ప్రేగులలోని సూక్ష్మజీవులకు అంతగా లొంగదు. పులియనిచోట బ్యుటిరిక్ ఆమ్లమునకు తావెక్కడ?

బంకను నేరుగా రక్తకణములపై చల్లి, అవి చైతన్యము నొందినవని ప్రకటించు ప్రయోగశాలా ఫలితములయెడ నాకు మరింత సంశయము. బెరడుపైని సూక్ష్మజీవుల నుండి వచ్చు అంతర్విషము లేశమాత్రము కలిసినను భక్షకకణములు భగ్గుమనును. దానిని తొలగించి పరీక్షింపనిదే ఆ ఘనత బంకదని చెప్పుటకు వీలులేదు.

బంక చేరు ద్వారము మారినచో ఫలితమును మారును. ఇరువదవ శతాబ్ది పూర్వార్ధమున కొన్ని ముద్రణాలయములలో, తడిసిరా ప్రక్క కాగితమున కంటకుండుటకై అరబ్బీ బంక ద్రావణమును తుంపరగా చిమ్ముచుండిరి. ఆ తుంపరను పీల్చిన కార్మికులు పలువురు ఉబ్బసము పాలైరి; వైద్యులు దానికి ముద్రాపకుల ఉబ్బసమనియే పేరిడిరి.