‘హ్యాండివ్వడం’ అంటే సాయమా, దగానా?

హైదరాబాద్ నుంచి నాగార్జునసాగర్ వెళ్లే దారిలో, కుతుబ్‌షాహీల నాటి పెద్దచెరువుతో పేరుపొందిన ఇబ్రహీంపట్నం చుట్టూ ఇప్పుడు ఇంజినీరింగ్ కళాశాలలు వరుసకట్టాయి. మంగళ్‌పల్లిలో సీవీఆర్, ఖానాపూర్‌లో గురునానక్, శేరిగూడలో శ్రీఇందు వంటి విద్యాసంస్థల్లో చదివే యువతలో చాలామంది ఆదిభట్లలోని టీసీఎస్ ప్రాంగణం వంటి చోట్ల కొలువు కోరుకుంటారు. ఆ కొలువులో విదేశీ ఖాతాదారులతో, ఇతర రాష్ట్రాలవారితో మాట్లాడవలసి వచ్చినప్పుడు వారికి ఎదురయ్యే ఇంగ్లీషు పాఠ్యపుస్తకంలోని ఇంగ్లీషు కాదు.

జేఎన్‌టీయూ హైదరాబాద్ పాఠ్యప్రణాళికలో ఇంగ్లీషు భాషా ప్రయోగశాల ఉంది. అక్కడ ధ్వనులు, ఊనికలు, సందర్భోచిత సంభాషణలు నేర్పుతారు, ఉచ్చారణపై మాతృభాష ప్రభావాన్ని తగ్గించే అభ్యాసాలు చేయిస్తారు. అవన్నీ అవసరమైనవే. అయితే మాతృభాషను సరిదిద్దవలసిన లోపంగా చూసే ఈ పద్ధతి, ఇంగ్లీషు స్లాంగ్ దగ్గరికి వచ్చేసరికి విద్యార్థి చేతిలోని తాళంచెవిని లాగేసుకుంటుంది. స్లాంగ్ అంటే ఒక వయసువారో, ఒక వృత్తివారో, ఒక పేటవారో తమలో తాము కల్పించుకుని, తమవాళ్లను గుర్తుపట్టడానికి వాడుకునే మాట. ఇది వ్యావహారికానికి భిన్నమైనది. గిడుగు రామమూర్తి శిష్ట వ్యావహారికం కోసం పోరాడినప్పుడు ఆయన దృష్టిలో ఉన్నది చదువుకున్నవారు నలుగురిలో మాట్లాడే భాషే గాని, గుంపు మాట కాదు. ‘ఐ యామ్’ను ‘ఐమ్’ అనడం వ్యావహారికం. ‘కరిజ్మా’ నడిమి ముక్కను విరిచి ఆకర్షణ అనే అర్థంలో ‘రిజ్’ అనడం స్లాంగ్. ఆక్స్‌ఫర్డ్ నిఘంటువుల సంస్థ 2023కు ఆ మాటనే ఏటి మాటగా ఎంచుకుంది.

స్లాంగులో మాట తలకిందులవుతుంది. ‘సిక్’ అంటే జబ్బుపడిన అనీ, ‘వికెడ్’ అంటే దుర్మార్గమైన అనీ బడిలో నేర్చుకున్న విద్యార్థి, ఆ రెండింటినీ అద్భుతం అనే మెచ్చుకోలుగా వింటే తికమకపడటం సహజమే. కానీ అదే విద్యార్థి, ప్రమాదకరమైన అనే అర్థమున్న ఉర్దూ మాట ‘ఖతర్నాక్’ను పట్టుకుని, నచ్చిన సినిమా గురించి ‘ఖతర్నాక్ ఉంది’ అని రోజూ అంటూనే ఉంటాడు. భయపెట్టేదాన్ని మెచ్చుకోలుగా మార్చే ఈ మెలిక తెలంగాణ పిల్లలకు ఉగ్గుపాలతో అబ్బినదే కాబట్టి, అధ్యాపకులు ఈ ఒక్క పోలికను గుర్తుచేస్తే చాలు, పదాల పట్టిక బట్టీపట్టించే శ్రమ చాలావరకు తప్పుతుంది.

అసలు చిక్కు మరోచోట ఉంది. తెలుగువారు ఇంగ్లీషు మాటలతోనే తమదైన స్లాంగును ఎప్పుడో కట్టుకున్నారు. నమ్మించి తప్పుకున్నవాణ్ని ‘చెయ్యిచ్చాడు’ అంటారు. అందులో సగం ఇంగ్లీషులోకి మారి ‘హ్యాండిచ్చాడు’ అయింది. ఇంగ్లీషువారి నోట ‘గివ్ మీ ఎ హ్యాండ్’ అంటే మాత్రం సాయం చేయమని అడగడం, అంటే మన ‘చేయూత’కు దగ్గరి మాట. అందుచేత ‘హీ గేవ్ మీ హ్యాండ్’ అని ఫిర్యాదు చేసే తెలుగు ఉద్యోగి, ఎదుటివాడి చెవికి కృతజ్ఞత చెబుతున్నట్టు వినిపిస్తాడు.

‘పాసవుట్’ కథ ఇంకాస్త లోతైనది. ఇక్కడ ‘2024 పాసవుట్’ అంటే ఆ ఏడు పట్టా పుచ్చుకున్నవారు. అమెరికాలో ఆ మాటకు సాధారణంగా వచ్చే అర్థం స్పృహతప్పడం. దీన్ని తప్పు ఇంగ్లీషని కొట్టిపారేయడం న్యాయం కాదు. శిక్షణ ముగించుకుని బయటకు రావడం అనే అర్థం బ్రిటిష్ సైనిక శిక్షణాలయాల్లో ఉన్నదే; పోలీసు శిక్షణ ముగిసినప్పుడు జరిగే ‘పాసింగ్ అవుట్ పరేడ్’లో అది నేటికీ నిలిచి ఉంది. విద్యార్థికి చెప్పవలసింది ఆ మాట మానేయమని కాదు, ఎవరి ముందు అది ఏ అర్థాన్నిస్తుందో తెలుసుకోమని.

క్రియకు చిన్న మాట తగిలించి కొత్త అర్థం పుట్టించే పలుకుబళ్లు కూడా ఇలాంటివే. ‘పుట్ ఆఫ్’ అంటే వాయిదా వేయడం, ‘పుట్ డౌన్’ అంటే చిన్నబుచ్చడం, ‘పుట్ అప్ విత్’ అంటే ఓర్చుకోవడం. ఇవి స్లాంగు కాకపోయినా, మాటకు మాట అర్థం చెప్పుకుంటే అందవు. ఈల కొట్టడం, కబుర్లు కొట్టడం, బోరు కొట్టడం, సొంత డబ్బా కొట్టడం అనే మాటల్లో దెబ్బ ఎక్కడుందని తెలుగు నేర్చుకునే పరాయివాడు అడిగితే చెప్పలేని ఇబ్బంది ఎలాంటిదో, ఇదీ అలాంటిదే.

వీటన్నిటికంటే కష్టమైనది ఏ మాట ఎవరితో అనవచ్చునన్నది. ఒకప్పుడు చనువుకు ‘దౌ’, గౌరవానికి ‘యూ’ అన్న ఇంగ్లీషు, క్రమంగా అందరికీ ‘యూ’నే మిగుల్చుకుంది. నువ్వు, మీరు అనే తేడా సర్వనామంలో లేనందువల్ల చనువును, దూరాన్ని పదాల ఎంపికే ఎక్కువగా మోయవలసి వస్తుంది. తెలుగు బొత్తిగా రానివాడు స్నేహితుల దగ్గర ‘రా’ నేర్చుకుని ప్రిన్సిపాల్‌ను ‘ఏంరా’ అంటే ఎంత ఎబ్బెట్టో, ఉద్యోగపు ఇంటర్వ్యూలో పెద్దలను ‘బ్రో’ అనడమూ అంతే ఎబ్బెట్టు.

కాబట్టి స్లాంగ్ నేర్చుకునేవారు నోటుపుస్తకంలో మాట, అర్థం అనే రెండు గడులతో ఆగకుండా, ఆ మాటను ఎవరు ఎవరితో అన్నారో మూడో గడిలో రాసుకుని, అదే సందర్భంలో తెలుగులో ఏమని ఉండేవారో నాలుగో గడిలో చేర్చుకోవాలి. ఆ నాలుగో గడిలో ‘అండి’ వస్తే మాటను ధైర్యంగా వాడవచ్చు. ‘రా’ వస్తే అది హాస్టల్ గదికి, క్యాంటీన్ బల్లకు చెందిన మాట.