ఏ మగ్గమునకు ఆ పడుగు

వరంగల్లు కొత్తవాడ జంపఖానాల నేతకు పేరుపొందినది. ఒకే ఇంట రెండు మగ్గములున్నను, దేని పడుగు దానిదే. ఒకదానిపై నూలు మార్చినంత మాత్రమున రెండవదానిపై నేత చెడదు. కంప్యూటరుకు ప్రోగ్రాములు వ్రాయువారికి గూడ ఈ పద్ధతి ఎంతయు అవసరము.

ప్రోగ్రాము వ్రాయువాడు ప్రతిదానిని మొదటినుండి తానే కల్పించుకొనడు. ఇతరులు వ్రాసి సిద్ధపరచిన భాగములను తెచ్చుకొనును. వీనినే లైబ్రరీలందురు. పైథాన్ భాషలో సంఖ్యల పట్టికలతో లెక్కలు కట్టుటకు వాడు 'నంపై' అట్టిది. లైబ్రరీలు కాలక్రమమున మారుచుండును. చిక్కంతయు అక్కడనే యున్నది.

1959లో రీజనల్ ఇంజనీరింగు కళాశాలగా వెలసి, 2002లో నేషనల్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ టెక్నాలజీగా మారిన వరంగల్లు విద్యాసంస్థలో ఒక విద్యార్థి ఉన్నాడనుకొందము. అతడు 2023లో నంపై మొదటి వరుస కూర్పుతో వర్షపాతపు లెక్కలు కట్టు ప్రోగ్రామును వ్రాసెను. 2024 జూన్‌లో నంపై 2.0 వెలువడగా, వేరొక పని కొరకు దానిని తెచ్చుకొనెను. పైథాన్‌కు గల సామాన్య సంచిలో ఒక లైబ్రరీ ఒకే కూర్పుగా ఉండును. క్రొత్తది చేరగానే పాతది తొలగిపోవును. 2.0లో 'ఫ్లోట్_' వంటి కొన్ని పాత పేర్లు లేవు. అట్టి పేరును వాడిన ప్రోగ్రాము, ఒక్క అక్షరము మారకున్నను, పరీక్షకుని యెదుట ఆగిపోవును. తప్పెవరిది? విద్యార్థి లెక్కలదియు కాదు, లైబ్రరీదియు కాదు; రెండు పనులకు ఒకే సంచిని వాడుటయే తప్పు.

దీనికి పరిష్కారమైన 'వెన్వ్' అను సాధనము 2012లో వెలువడిన పైథాన్ 3.3లో చేరినది. ఇది ప్రతి పనికి ఒక ప్రత్యేక డైరెక్టరీని ఏర్పరచును. అందు పైథాన్‌కు దారిచూపు చిన్న ఏర్పాటును, లైబ్రరీలకు వేరు సంచియు ఉండును. దానిని 'యాక్టివేట్' చేసినపుడు, పైథాన్ కొరకు వెదకు కంప్యూటరు ముందుగా ఆ డైరెక్టరీనే చూచును. ఇందలి కిటుకు ఇంతే.

రెండు జాగ్రత్తలు గుర్తుంచుకొనవలెను. ఈ డైరెక్టరీని మిత్రునికి పంపరాదు. అందు వ్రాసియుండు దారులు ఆ యంత్రమునకే చెందినవి. 'పిప్ ఫ్రీజ్' అను ఆజ్ఞ లైబ్రరీల పేర్లను, కూర్పులను జాబితాగా ఇచ్చును. ఆ జాబితా పంపిన చాలును. మిత్రుడు వానినే తన యంత్రముపై సమకూర్చుకొనును. రెండవది, వెన్వ్ లైబ్రరీలను మాత్రమే వేరుచేయును. వేరొక కూర్పు పైథాన్‌ను తెచ్చిపెట్టదు. అందుకు 'కోండా' వంటి సాధనములు కలవు.

చిక్కుపడిన పడుగును విప్పుట కష్టము. పని మొదలిడిన నాడే వేరు మగ్గము వేసికొనుట కొద్ది క్షణముల పని.