పాత కాగితం – పోడు హక్కు: దేనిని పారవేయాలి?

చెల్లని కాగితాన్ని పారవేయడం ఇల్లు సర్దుకొనేవారి సాధారణ పద్ధతి. భద్రాచలం మన్యంలోని పోడు సాగుదారులకు ఈ పద్ధతి హక్కుకే చేటు తేగలదు. 2006 అటవీ హక్కుల చట్టం కింద గిరిజనులు 2005 డిసెంబరు 13కు ముందునుంచీ భూమి తమ అధీనంలో ఉన్నదని నిరూపించుకోవాలి. గిరిజనేతరులు అదనంగా 75 ఏళ్ల నివాసాన్ని చూపాలి. 2008 నియమావళిలోని 13వ నియమం రేషన్ కార్డు, ఓటరు కార్డు, ఇంటిపన్ను రశీదులను ఆధారాలలో చేర్చి, ఒకటికి మించిన ఆధారాన్ని కోరుతుంది. పెద్దల వాంగ్మూలం చెల్లుతుంది. కాని పెద్దలు కలకాలం ఉండరు. రద్దయిన రేషన్ కార్డు నేటి సరుకులకు పనికిరాకున్నా నాటి నివాసానికి సాక్ష్యమే. 1959లో ఖమ్మం జిల్లాలో చేరకముందు భద్రాచలం తూర్పుగోదావరిలో ఉండేది. ఆ జిల్లా పేరున్న రశీదు పరాయిది కాదు. అదనపు నకళ్లను పారవేయవచ్చు. మూలప్రతి విలువను మాత్రం చెల్లుబాటును బట్టి కాక, తేదీని బట్టి నిర్ణయించాలి.